పసుపుపచ్చ కోట్లు

మందు గొట్టాన్ని మొక్కల మీంచి మనుషుల మీదికి తిప్పమన్నాడు మేస్త్రీ. పట్టపగలు, చామంతి షెడ్డులో, నలభై మంది ఆడవాళ్లం వరసగా నిలబడి ఉండగా! ఆ వరసలో నేనూ ఉన్నాను.

చామంతికి నల్ల పేనుబంక పట్టింది. ఆవగింజంత కూడా ఉండని పురుగు. లేత చిగురు కింద గుంపుగా చేరి రసం పీలుస్తుంది. చిగురు ముడుచుకుపోతుంది, మొగ్గ విచ్చదు. వారంలో నాలుగు షెడ్లకు పాకింది. మా బట్టలకు అంటుకునే పాకుతోందన్నాడు యజమాని. నిజమే. ఆ బట్టలిచ్చిందెవరు? ఎవరెక్కడ నడుం వాల్చారో తన గది కిటికీలోంచి కనబడాలని మాకు పసుపుపచ్చ కోట్లు తొడిగించింది ఆయనే.

పంపు మోసేవాడు, మాలో అందరికీ పెద్దదైన పెద్దక్కకు మరిది. గొట్టం పట్టుకుని బిగుసుకుపోయాడు.

"కొట్టరా!"

"మూడో మనిషి నా పెళ్లాం, మేస్త్రీ. ఆరో నెల."

"కళ్లు మూసుకోమను."

మేస్త్రీయే గొట్టం లాక్కుని కొట్టాడు. ఆ పిల్ల ముక్కు మూసుకుని కూలబడింది. సాయంత్రం దాకా వాంతులే.

మర్నాడు అన్నం వేళ కుళాయి దగ్గర చేరాం.

"ఇక షెడ్డు మారినప్పుడల్లా కొడతాడంట."

"కోటు విప్పితే పనిలోంచి తీసేస్తాడే."

"విప్పకపోతే దాని కడుపు నిలుస్తుందా?"

పెద్దక్క కుళాయి కట్టేసి అడిగింది. "పురుగు వాలడానికని మనం షెడ్డంతా జిగురు అట్టలు కడతాం చూడు. ఏ రంగువే అవి?"

అందరం మా కోట్లకేసి చూసుకున్నాం. మూడేళ్లుగా మా చేతులతో కడుతున్న అట్టలు. రెక్కలొచ్చిన పేనుబంక పసుపుపచ్చకే ఎగిరొస్తుందని మాకంటే బాగా ఎవరికి తెలుసు? అదే రంగు ఒంటిమీదేసుకుని షెడ్డు షెడ్డూ తిరిగాం.

"అంటే మనం నడిచే అట్టలమా?" అందొకామె. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

ఆ మర్నాడు నలభై కోట్లూ విప్పి షెడ్డులో తీగ మీద ఆరేశాం. మధ్యాహ్నానికి వాటి నిండా నల్లచుక్కలు. యజమాని వచ్చాడు.

"చూడండి సార్, పురుగును పిలిచింది మేమా, మీ రంగా?" అంది పెద్దక్క.

"ఆ సంగతి నాకెప్పుడో తెలుసు," అన్నాడాయన. "పురుక్కి మందుంది. మీరు కనబడకపోతే మందేదీ? తొడుక్కోండి. ఒరేయ్, పంపెత్తు!"

పెద్దక్క మరిది పంపు దించాడు. మా వరస చివర వచ్చి నిలబడ్డాడు.

పని ఆపించాడని యజమాని ఫోను చేస్తే గంటలో పోలీసు జీపు వచ్చింది. అతన్ని ఎక్కించారు. భార్య జీపు వెంట పరిగెత్తబోతే పెద్దక్క రెక్క పట్టుకుని ఆపింది.

"ఏడవకే. పద."

"ఎక్కడికక్కా?"

"ఆయనగారికి మనం కనబడాలంటగా."

యజమాని గది కిటికీలోంచి షెడ్లకేసి చూస్తే ఆ సాయంత్రం ఒక్క పసుపు చుక్క లేదు. నలభై మందిమీ, మా సొంత బట్టల్లో, ఆ కిటికీ కిందే కూర్చున్నాం. పెద్దక్క మరిది తిరిగి వచ్చేదాకా లేచేది లేదు.