స్టాన్‌మోర్‌లో రోమన్ నియమం

అలివేలుమంగ నలభై నాలుగో ఏట డిగ్రీలో చేరింది. అప్పటికి పదకొండేళ్ళుగా లండన్ శివారు హారోలో ఉంటూ, వారానికి మూడు రోజులు కౌన్సిల్ లైబ్రరీలో పనిచేసేది. ఒకరోజు పుస్తకాలు అరల్లో సర్దుతూ రోమన్ దేవతల గురించిన పుస్తకం తెరిచింది. రోమన్లకు తలుపుకొక దేవుడు, గడపకొక దేవుడు, తలుపు బందుకు వేరే దేవత ఉండేవారని అందులో రాసి ఉంది. గడపకు పసుపు రాయనిదే కాఫీ ముట్టని తల్లికి పుట్టిన మనిషి కనుక ఆమెకు అది వింతగా తోచలేదు. ఇంకా తెలుసుకోవాలనిపించింది. 2002లో లండన్‌లోని ఒక యూనివర్సిటీలో ప్రాచీన గ్రీకు, రోమన్ మతాలు ముఖ్య విషయంగా బీఏ మొదలుపెట్టింది.

భర్త వెంకటసుబ్బారావు సాఫ్ట్‌వేర్ మనిషి. అడిగినవాళ్ళకల్లా "మా ఆవిడ క్లాసిక్స్ చదువుతోందండి" అని చెప్పాడు. ఫలితంగా ఆ ఏడాది తెలుగు సంఘం ఉగాది సభలో కార్యదర్శి అది శాస్త్రీయ సంగీతమనుకుని ఆమెను స్టేజీ మీదకి పిలిచి కీర్తన పాడమన్నాడు. ఆమెకు పాట రాదు. ఆ మాటే మైకులో చెప్పి దిగి వచ్చింది.

రెండో ఏడాది వసంతంలో ట్యూటర్ డాక్టర్ హార్‌గ్రీవ్స్ ఒక వ్యాసం ఇచ్చాడు. రోమన్ల పూజలో చిన్న తప్పు దొర్లినా మొత్తం మొదటినుంచీ మళ్ళీ చేయాలి. ఒకసారి ఎవరో అధికారి ప్రార్థనలో రోమన్ ప్రజల పేరు చెప్పడం మర్చిపోయాడని పండుగనే తిరిగి జరిపించారు. ఆ నియమం వాళ్ళకెందుకు అంత ముఖ్యమో రెండువేల మాటల్లో రాయాలి. అలివేలుమంగ పది రోజులు కూర్చుని నాలుగు వందల మాటలు రాసింది. అందులో సగం ఆ పండుగ కథే.

ఆ శనివారం స్టాన్‌మోర్‌లో స్నేహితురాలు విమల కొత్త ఇంట్లో సత్యనారాయణ వ్రతం. విమల, ఆమె భర్త రామ్మోహన్ పీటల మీద కూర్చున్నారు. నలభైమంది చుట్టాలూ స్నేహితులూ కార్పెట్ మీద సర్దుకున్నారు. పూజ చేయించేది ఆకెళ్ళ శాస్త్రిగారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు, శని ఆదివారాలు పౌరోహిత్యం. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఈస్ట్ హామ్‌లో మొగిలయ్య గారింట్లో మరో వ్రతం ఉంది. గోత్రనామాల చీటీలు రెండూ ఆయన పళ్ళెంలోనే ఉన్నాయి.

సంకల్పంలో ఆయన "మొగిలయ్య నామధేయస్య" అన్నారు. రామ్మోహన్ భక్తిగా తల ఊపాడు.

అలివేలుమంగ చుట్టూ చూసింది. ఎవరూ వినలేదు. ఊరుకుందామనే అనుకుంది. గణపతి పూజ అయింది, నవగ్రహాలయ్యాయి, రెండు కథలు కూడా అయ్యాయి. మూడో కథలో ఆమె ఓపిక అయిపోయింది.

"శాస్త్రిగారూ, ఒక్క నిమిషం. సంకల్పంలో మీరు చెప్పిన పేరు వీళ్ళది కాదండి."

సుబ్బారావు ఆమె మోచేయి పట్టుకున్నాడు. "మంగా, పులిహోర చల్లారిపోతోంది."

శాస్త్రిగారు చీటీ తీసి చూసుకున్నారు. ముఖం కొంచెం ఎర్రబడింది. "పొరపాటేనమ్మా. దేవుడికి తెలీదా ఎవరింట్లో ఉన్నాడో?"

"తెలుసు కానీ, పేరు తప్పితే మొదటినుంచీ చెయ్యాలండి."

"ఏ శాస్త్రంలో ఉంది?"

"రోమన్ల దగ్గర ఉంది."

కార్పెట్ మీద నవ్వులు పుట్టాయి. రామ్మోహన్ మాత్రం నవ్వలేదు. "అంటే ఇందాకట్నుంచీ నేను చేసిందంతా ఈస్ట్ హామ్ వాళ్ళ ఖాతాలోకి పోయిందా?" అన్నాడు. "మార్ట్‌గేజ్ నాది, మోకాళ్ళు నావి. మళ్ళీ చేద్దాం పంతులుగారూ."

శాస్త్రిగారు బయటికెళ్ళి మొగిలయ్యకు ఫోన్ చేసి, వచ్చి ఆచమనం దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ఈసారి పేరు రెండుసార్లు, నొక్కి చెప్పారు. విమల అత్తగారు పిల్లలకు బిస్కెట్లు పంచారు. కాసేపటికి పెద్దవాళ్ళూ చేతులు చాచారు.

చివర్లో హారతి ఇస్తుంటే కర్పూరం పొగకి స్మోక్ అలారం మోగింది. రామ్మోహన్ కుర్చీ ఎక్కి దాన్ని ఆపేలోగా శాస్త్రిగారి మంత్రం తెగిపోయింది. గదిలో అందరూ అలివేలుమంగ వైపు తిరిగారు. చెడు శబ్దాలు వినపడకుండా రోమన్లు పూజలో వేణువు ఊదించేవారని ఆమె చదివింది. వేణువు లేదు. నియమం ప్రకారమైతే మూడోసారి మొదలుపెట్టాలి.

"అది మంత్రంలో తప్పు కాదు. ఇంటి తప్పు. కానివ్వండి," అంది.

అంతమందీ ఒక్కసారి ఊపిరి వదిలారు.

హారతి అయ్యాక శాస్త్రిగారు అక్షతలు చేతికిచ్చి క్షమాపణ మంత్రం చదివారు. మంత్రంలో లోపమున్నా, క్రియలో లోపమున్నా, భక్తిలో లోపమున్నా పరిపూర్ణమయ్యేలా స్వీకరించమని దేవుణ్ణి అడగడం దాని సారాంశం. చదివి ఆమె వైపు చూశారు. "ఇది మీ రోమన్లకుందామ్మా?"

అలివేలుమంగ ఆలోచించింది. చిన్నప్పటి నుంచి వింటున్న మంత్రమే, అర్థం తెలిసినదే. "ఉన్నట్టేనండి. తప్పులు జరుగుతాయని ముందే కొన్నిచోట్ల పందిని బలి ఇచ్చేవాళ్ళు."

"మనం మాటతో సరిపెట్టుకున్నాం. పంది బతికిపోయింది."

విమల లేచి నడుం పట్టుకుంది. "ఉండక్కా. ఏ లోపమున్నా ఈ మంత్రంతో సరిపోతుందంటే, మొదటిసారి చేసింది కూడా చెల్లేదేగా?"

టైము మూడుంబావు. శాస్త్రిగారు గబగబా పంచె సర్దుకుని, ఈస్ట్ హామ్‌కి ట్యూబ్ రైలు ఎక్కడానికి వెళ్ళిపోయారు. అలివేలుమంగ వంటింట్లోకి వెళ్ళి సాంబారు గిన్నె ఎత్తుకుంది. నలభైమందికీ తనే వడ్డించింది. ఇద్దరు ముగ్గురు ఆమెను రెండోసారి, మూడోసారి కూడా పిలిచి మరీ వేయించుకున్నారు.

కానీ ఆ సాయంత్రానికి వ్యాసం దారి దొరికింది. తప్పుకు భయపడే మనుషులు అందులోంచి బయటపడే తలుపు కూడా తామే కట్టుకుంటారని రాసింది. పందిని ఒక పక్క, అక్షతలను ఒక పక్క పెట్టి రాసింది. రెండువేల మాటలు దాటితే సుబ్బారావు కూర్చుని మూడు వందలు తగ్గించాడు.

అరవై ఎనిమిది మార్కులు వచ్చాయి. శాస్త్రిగారి మాటను ఆధారంగా చూపిన ఫుట్‌నోట్ పక్కన హార్‌గ్రీవ్స్ ఎర్ర సిరాతో రాశాడు: "స్టాన్‌మోర్, శనివారం. చాలా బాగుంది. పేజీ నంబరు?"

ఆమె శాస్త్రిగారికి ఫోన్ చేసి, మీ పేరు యూనివర్సిటీ వ్యాసంలో ఉందని చెప్పింది.

"ముందు బ్రహ్మశ్రీ అని పెట్టారా అమ్మా?"

"లేదండి. వాళ్ళ పద్ధతిలో ఇంటిపేరు, కామా, ఒక అక్షరం. అంతే."

"పెట్టాల్సింది," అన్నారు శాస్త్రిగారు. "దిద్ది మళ్ళీ ఇవ్వడానికి కుదురుతుందా?"