వదలమన్నా వదలకు

పెద్దాయన కుడి చేతికి కళ్ళున్నాయని ఆ కంపెనీలో అందరూ అనుకునేవారు. విమానం దిగుతూ నేలకు నిలువెత్తు దూరంలోకి రాగానే ఆ చెయ్యి ఇంజన్ల లివర్లను పాల మీద మీగడ తీసినంత మెత్తగా వెనక్కి లాగేది. ఇంజన్ల జోరు తగ్గేది. చక్రాలు ఎప్పుడు నేలను తాకాయో ఎవరికీ తెలిసేది కాదు. ఒళ్ళో నిద్రపోతున్న పసిబిడ్డ కూడా ఉలిక్కిపడేది కాదు. ముప్పయ్యేళ్ళుగా అదే చెయ్యి, అదే లాగుడు.

ఆయన పక్క సీట్లో కో-పైలట్‌గా కూర్చునే అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాది నిండలేదు. ఎవరేం చెప్పినా ‘సరేనండీ’ అనడమే తప్ప ఆమె నోట రెండో మాట రాదు. అందుకని పెద్దాయన ఆమె పేరే సరేనండీ చేసేశాడు. కాఫీ తెచ్చే క్యాబిన్ పిన్నితో, మా సరేనండీ గారికి చక్కెర దండిగా వెయ్యి, ఆ నోటికి ఇంకే పనీ లేదు పాపం, అనేవాడు. ఇంట్లో ఆమె అమ్మది ఇంకో పాట. దేవుడు నీకు నోరిచ్చి తాళం కూడా వేశాడే, తాళంచెవి ఇవ్వడం మర్చిపోయాడు అని.

ఆ మధ్యాహ్నం కూడా పెద్దాయన ఏదో అని తనే నవ్వుకుంటున్నాడు. విమానం మబ్బుల్లోంచి బయటపడింది. ఎదురుగా కొంగల గుంపు. తప్పుకునే వ్యవధి లేదు. గోనెసంచుల్ని గోడకేసి కొట్టినట్టు కుడివైపు మూడు చప్పుళ్ళు వినిపించాయి. విమానం కుడికి ఒరిగింది. ఆయన దాన్ని నిలబెట్టాడు. ఇంజన్లు రెండూ తిరుగుతూనే ఉన్నాయి. కానీ కాళ్ళ కింద విమానం సన్నగా వణకడం మొదలైంది, జ్వరం వచ్చే ముందు ఒళ్ళు వణికినట్టు.

పెద్దాయన ఆమెను వెళ్ళి కుడి రెక్క చూసి రమ్మన్నాడు. పోయినదాని గురించి వద్దు, మిగిలినదేదో చెప్పమన్నాడు.

ఆమె సీట్ల మధ్య నడుస్తుంటే ఎవరూ కిటికీ వంక చూడటం లేదు. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఆ ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా రెక్క పక్క కిటికీ దాకా వెళ్ళింది. అక్కడి వాళ్ళను పిన్ని అప్పటికే లేపి వెనక కూర్చోబెట్టింది. రెక్క ముందంచు తలుపు వెడల్పున లోపలికి నలిగిపోయి ఉంది. పైరేకు లేచి గాలికి కొట్టుకుంటోంది. ఆమె చూస్తుండగానే మూరెడు రేకు చీలి ఊడి, వెనక్కి ఎగిరి మాయమైంది. దాని పక్కన మేకులు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి.

"రెక్క ఉంది సార్," అంది తిరిగొచ్చి. "ముందంచు పోయింది. రేకు ఇంకా ఊడుతోంది."

పెద్దాయన బయల్దేరిన చోటికే విమానాన్ని తిప్పాడు. తర్వాత, దెబ్బతిన్న విమానాన్ని దింపే ముందు తెలిసినవాళ్ళు చేసే పని చేశాడు. ఇంత ఎత్తులోనే ఒకసారి దిగుతున్నట్టు నటించాడు. వేగం ఉంటేనే రెక్క మోస్తుంది. గాయపడ్డ రెక్కకు ఇంకా ఎక్కువ వేగం కావాలి. ఎంత కావాలో నేల దగ్గర తెలుసుకుంటే ఆ తెలివి ఎవరికీ పనికిరాదు. అందుకే పైనే కొద్దికొద్దిగా వేగం తగ్గిస్తూ వచ్చాడు. మామూలుగా వాళ్ళు దిగే వేగం నూరుకు కాస్త అటూ ఇటూ. వేగం చూపే ముల్లు దాని దరిదాపులకైనా రాకముందే కుడి రెక్క మెట్టు తప్పిన కాలిలా కిందికి పడింది. ఆమె పక్క కిటికీలో ఆకాశం ఉండాల్సిన చోట పొలాలు కనిపించాయి. వెనక నుంచి ఒక్కపెట్టున కేకలు వినిపించాయి. ఆయన ముక్కు దించి, లివర్లు ముందుకు తోసి, విమానాన్ని మళ్ళీ దారిలోకి తెచ్చాడు.

కాసేపాగి ఇంకోసారి చూశాడు. ఈసారి రెక్క ఇంకా ముందే పడిపోయింది.

మూడోసారి చూడలేదు. అది కొంచెం కొంచెంగా మనల్ని వదిలేస్తోంది, ఇక ఆలస్యం చెయ్యకూడదు, అన్నాడు. ముల్లు నూట నలభై కిందికి దిగకుండా చక్రాలు నేలను తాకాలని లెక్క తేల్చాడు. అంత వేగంలో టైర్లు నిలవవు. నిలవకపోయినా పర్వాలేదన్నాడు.

విమానాన్ని కిందికి దించడం మొదలుపెట్టాడు. ఊరి ఇళ్ళు కనిపిస్తున్నప్పుడు కుడి చెయ్యి లివర్ల మీంచి తీసి, ఎవరిదో వస్తువును చూసినట్టు చూసుకున్నాడు.

"నా భయం రెక్క గురించి కాదమ్మాయ్. దీని గురించి."

ఆమెకు అర్థం కాలేదు.

"నేల దగ్గరికి రాగానే ఇది లివర్లను వెనక్కి లాగుతుంది. నేను వద్దనుకున్నా లాగుతుంది. ముప్పయ్యేళ్ళ అలవాటు, నా మాట వినదు. నీ చెయ్యి లివర్ల వెనక అడ్డం పెట్టు. చక్రాలు తగిలాక నేనే ‘నేల’ అంటాను. ఆ మాట వినేదాకా తియ్యకు. వదలమన్నా వదలకు. తిట్టినా వదలకు."

"సరేనండీ," అంది.

ఆ మాట వినగానే పెద్దాయన ముఖం ఇంకా చిన్నబోయింది. దానికి కారణం ఆమెకు అర్థమైంది. ఈ లోకంలో తన మాట కాదనలేని మనిషినే ఆయన ఇవాళ కాదనమని అడుగుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ కాదనలేదు. నచ్చని చీరను కాదనలేదు, నచ్చని పిలుపునూ కాదనలేదు.

ఎడమ అరచెయ్యి లివర్ల వెనక పెట్టింది. దాని ముందు ఆయన చెయ్యి, వెచ్చగా, ఇంకా నెమ్మదిగానే ఉంది.

విమానం దిగుతోంది. డాబాల మీద ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు, తలెత్తి చూస్తున్న మనుషులు అన్నీ ఎప్పుడూ లేనంత వేగంగా వెనక్కి పోయాయి. రన్‌వే పక్కన ఎర్రటి ఫైరింజన్లు వరుసగా నిలబడి ఉన్నాయి. కుడివైపు ఇంకేదో చీలిన చప్పుడైంది. ఆమె ముల్లు మీంచి చూపు తిప్పలేదు. నూట నలభై ఐదు.

నేల నిలువెత్తు దూరంలోకి వచ్చింది.

చెయ్యి లాగింది. మొదట ఎప్పటిలాగే మెత్తగా. అడ్డు తగిలేసరికి గట్టిగా. లివర్ల అంచులు ఆమె అరచేతిలోకి దిగాయి.

"వదులు," అన్నాడు పెద్దాయన.

ఆయన కళ్ళు రన్‌వే మీదే ఉన్నాయి. గొంతు మామూలుగా, రోజూ పని చెప్పే గొంతులాగే ఉంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"వదులమ్మాయ్."

ముల్లు నూట నలభై మీద ఉంది. కుడి రెక్క ఒక్కసారి తూలి, ఆలోచించుకున్నట్టు ఆగింది.

"వదలమన్నానా."

"సరేనండీ," అంది ఆమె నోరు. చెయ్యి మాత్రం కదల్లేదు.

చక్రాలు నేలను గుద్దుకున్నాయి. ఆయన చేతి కింద అలా గుద్దుకోవడం అదే మొదటిసారి. పళ్ళు టకటకలాడాయి, తలమీది అరలు తెరుచుకుని సామాన్లు రాలాయి.

"నేల."

ఆమె చెయ్యి తీసేసింది. లివర్లు వెనక్కి వచ్చాయి. టైర్లు ఒకదాని వెంట ఒకటి పేలాయి. విమానం రన్‌వే దాటి, గడ్డి దాటి, కంకరలో దిగబడి ఆగిపోయింది. కుడి రెక్క మీద మిగిలిన రేకు ఇంకా గాలికి టపటపమంటూనే ఉంది.

పిన్ని అరుపులు, తలుపులు తెరిచిన చప్పుడు, కంకర మీద పరిగెత్తే కాళ్ళు. అందరూ దిగిపోయారని కబురు వచ్చేదాకా వాళ్ళిద్దరూ చెయ్యాల్సిన పనులు చేస్తూ స్విచ్‌లు ఆపుతూ కూర్చున్నారు. అప్పుడు పెద్దాయన ఆమె అరచెయ్యి చూశాడు. రెండు గీతలు తెగి నెత్తురు కారుతోంది.

"నేనేమైనా అన్నానా?"

"వదలమన్నారండీ."

"ఎప్పుడు?"

"మూడుసార్లు."

ఆయన గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆ ప్రయత్నం ముఖంలో కనిపించింది. ఏమీ దొరకనట్టు కూడా కనిపించింది. ఇంట్లో పెంచిన కుక్క ఎవరినో కరిచిందని విన్నవాడిలా తన కుడి చెయ్యి వంక చూసుకున్నాడు.

ఆమె ముందు దిగింది. దిగి, కింది నుంచి ఆయనకు చెయ్యి అందించింది. పెద్దాయన తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఎడమ చెయ్యి చాచాడు. కుడి చెయ్యి జేబులో ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు.