గట్టిగా రాసిన దరఖాస్తు

మా ప్రసూన పిన్ని కర్ర పట్టుకుని పాలబూత్ దాకా వెళ్ళి వస్తున్న రోజుల్లో, ఆవిడ మంచం దిగలేకపోతోందని జర్మనీకి ఉత్తరం వెళ్ళింది. రాసినది పగవాళ్ళు కాదు, బాబాయికి స్వయానా మేనమామ భుజంగరావు తాతగారు.

ఆయన భిలాయి స్టీల్ ప్లాంటు పర్సనెల్ డిపార్టుమెంటులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు స్మృతి నగర్‌లో ఉంటారు. భిలాయిలో మనవాళ్ళలో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా స్కూటరు వేసుకుని వచ్చి రాసిపెడతారు. వద్దన్నా రాసిపెడతారు.

నేను చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో పదో తరగతి అయ్యాక, పిన్నికి సాయంగా సెక్టర్ నాలుగులోని వాళ్ళ క్వార్టరుకి వచ్చాను. పిన్ని జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీద ఉండే పొరని, ఒంటిని కాపాడవలసిన కణాలే తినేస్తాయిట. ముందు కుడికన్ను మసకబారింది. తరవాత ఎడమకాలు బరువెక్కింది. మందులు వాడుతూండగానే ఏడాదిలో రెండుసార్లు తిరగబెట్టింది. రాయ్‌పూర్‌లో చూసే డాక్టరుగారు, ఒంట్లోంచి మూలకణాలు తీసి, పాత రక్షణ వ్యవస్థని మందులతో తుడిచేసి, మళ్ళీ ఆ కణాలే ఎక్కించే వైద్యం ఉందని చెప్పారు. ఈ జబ్బుకి ఆ వైద్యం చాలా ఏళ్ళుగా చేస్తున్న ఆసుపత్రి జర్మనీలో ఉందనీ, వెంటనే రాయమనీ అన్నారు. ‘వెంటనే’ అన్న మాట ఆయన రెండుసార్లు అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

జనవరి నెలాఖరులో రాశాం. పిన్ని చెప్తోంది, తాతగారు రాస్తున్నారు. కర్రతో రెండు వందల మీటర్లు నడవగలను అని పిన్ని అనగానే తాతగారు కలం ఆపేశారు.

“అలాగ రాస్తే ఎవడు చూస్తాడమ్మా? నడుస్తోంది కదా, ఏటి తొందర, అని ఫైలు కింద పెట్టీస్తాడు.”

“ఇది ప్లాంటు కాదు కదా మావయ్యగారూ.”

“ఎక్కడైనా ఆఫీసు ఆఫీసే. ఈ గ్రౌండ్ ఫ్లోర్ క్వార్టరు మీకు ఎలాగొచ్చిందనుకున్నావు? మీ అత్తగారు మెట్టు ఎక్కలేక పాక్కుంటోందని రాసేను. రెండు నెలల్లో ఆర్డరు వచ్చీసింది!”

ఆ ఏడాది ఆ అత్తగారు విజయనగరంలో మేడ మీద వడియాలు పెట్టుకుంటున్నారుట. పిన్ని ఆ మాట అనబోయి బాబాయి వైపు చూసింది. రమాకాంత్ బాబాయి ప్లాంటులో రైల్ మిల్ ఇంజనీరు. పట్టాలో వెంట్రుకంత తేడా వచ్చినా పక్కన పెట్టించే మనిషి. అలాంటి మనిషి మేనమామ ముందు మాత్రం, “మావయ్యకి అనుభవం ఉంది కదా ప్రసూనా” అన్నారు. పిన్ని మంచం దిగలేకపోతోందనీ, అన్నం కూడా ఒకరు తినిపించాలనీ ఉత్తరం తయారైంది. ఆ ఉత్తరానికి కవరు తెచ్చి ఇచ్చినది పిన్నే, అలమార దాకా నడిచి వెళ్ళి.

మార్చి మొదట్లో జవాబు వచ్చింది. మంచం దిగలేని దశకి వచ్చిన వాళ్ళకి ఈ వైద్యం వల్ల మేలు తక్కువ, ప్రమాదం ఎక్కువ. నడవగలుగుతున్నవాళ్ళనే తీసుకుంటాం. విచారిస్తున్నాం. ఫైలు మూసివేస్తున్నాం. పిన్ని ఆ జవాబుని పొయ్యి దగ్గర నిలబడి చదివింది. రెండోసారి కూడా నిలబడే చదివింది.

తాతగారు కంగారు పడలేదు. “అలాగేటి? దాందేముంది, మార్చి రాసీద్దాం” అన్నారు. పిన్ని స్నానానికి వెళ్ళి వచ్చేలోగా రాయడం, బాబాయి మెయిల్ పంపడం కూడా అయిపోయాయి. ఆ ఉత్తరం ప్రకారం పిన్ని పూర్తిగా కోలుకుని, ఇంటిపని అంతా చేసుకుంటూ, సాయంత్రం మైత్రీ బాగ్ పార్కులో వాకింగ్ కూడా చేస్తోంది. పూర్తిగా కోలుకున్నందుకు వాళ్ళు సంతోషించారు. అయితే వైద్యం అవసరం లేదన్నారు.

ఆ రోజు నాకు పళ్ళు కొరకాలనిపించింది. కానీ నేను పెద్దవాళ్ళ ముందు నోరు తెరవను. కిటికీ దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరాను. ఆ బియ్యంలో రాళ్ళు లేవు.

ఈసారి రాయ్‌పూర్ డాక్టరుగారి చేతే రాయించాలని పిన్ని పట్టుపట్టింది. ఆయన సెలవు నుంచి వచ్చేసరికి ఏప్రిల్. ఆయన ఉన్నదున్నట్టు రాశారు. మూడు ఉత్తరాల్లో ముగ్గురు వేరువేరు మనుషులు కనిపిస్తున్నారని అవతలివాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. వీడియో కాల్ పెడతాం, డాక్టరు చూస్తుండగా పేషెంటు వంద మీటర్లు ఆగకుండా నడవాలి, కర్ర వాడొచ్చు, ఎవరూ పట్టుకోకూడదు. మీకు ఏ సమయం వీలు అని అడిగితే తాతగారు, ‘తమకు ఎప్పుడు అనుకూలమైతే అప్పుడే’ అని బాబాయి చేత రాయించారు. వాళ్ళకి పొద్దున్న పది గంటలు అనుకూలం. అంటే మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. మే నెల ఇరవై ఆరో తారీకు.

ఎండ తగిలితే ఈ జబ్బు ఉన్నవాళ్ళకి కాళ్ళు మరీ మొరాయిస్తాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

వంద మీటర్లు ఇంట్లో లేవు, వీధిలోనే నడవాలి. ఇన్నాళ్ళూ వీధిలో అందరికీ పిన్నికి మోకాలి నొప్పి అని చెప్పాం. చెప్పమన్నది బాబాయి. ఆయనే ఆ రోజు పొద్దున్న స్టీలు టేపు పట్టుకుని గేటు దగ్గర నుంచి కొలిచి, పది మీటర్లకొకటి చొప్పున సుద్దముక్కతో గీతలు గీసి, పక్కన అంకెలు వేశారు. ఎదురింటి ఛాయా దీదీ బయటికి వచ్చి, “క్యా హో రహా హై భయ్యా, సడక్ బనేగీ క్యా?” అంది. రోడ్డు వేస్తారనుకుంది పాపం. బాబాయి నవ్వేసి ఊరుకున్నారు.

ఒకటిన్నరకి తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. బాబాయి గొడుగు తెస్తే, చేతికి కర్ర చాలని పిన్ని వద్దంది. ఫోను నా చేతికిచ్చారు. నేను పిన్ని కాళ్ళూ, గీతలూ కనిపించేలా పట్టుకుని వెనక్కి వెనక్కి నడవాలి. ఫోనులో జర్మనీ డాక్టరు, తెల్లజుట్టు ఆయన, చేతులు కట్టుకుని చూస్తున్నారు. తాతగారు వంద అంకె దగ్గరికి ముందే వెళ్ళి నిలబడ్డారు.

ఇరవై దాకా పిన్ని బాగానే నడిచింది. ముప్ఫై దగ్గర ఎడమపాదం నేలకి రాసుకోవడం మొదలైంది. ఛాయా దీదీ గేటు తీసుకుని వచ్చింది. వెనకాల ఇంకో ఇద్దరు వచ్చారు. “అరే, ప్రసూనా దీదీకో క్యా హో గయా?” ఏమైందంటూ ఒకావిడ పిన్ని చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకుంటే మొత్తం పోతుంది.

“మత్ పకడో!” పట్టుకోవద్దని అరిచాను. ఆ వీధిలో నేను గట్టిగా మాట్లాడడం అదే మొదలు. నా హిందీకి నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు, వెనక్కి తగ్గారు.

యాభై. అరవై. పిన్ని ముఖం ఎర్రగా కందిపోయింది. కర్ర ముందుకి పడుతోంది గాని కాలు రావడం లేదు. డెబ్భై అంకె మీద ఆగింది. కర్ర మీద రెండు చేతులూ వేసి తల వంచుకుంది.

వంద దగ్గర నుంచి తాతగారు పరుగులాంటి నడకతో వచ్చారు. “అమ్మాయ్ రజనీ, ఫోను పిన్ని మొహం మీదకి తిప్పీ. గీత కనపడనివ్వకు. వంద అయిపోయిందని చెప్పీ. ఆయనకి తెలుగు రాదు, కంగారు పడకు.”

డాక్టరు ఏదో అడిగారు. ఎంత దూరం అని అడిగారని అర్థమైంది. బాబాయి నా వైపు చూశారు. ఆయన కళ్ళలో కూడా వందే ఉంది.

జనవరిలో నేను ఊరుకున్నాను. మార్చిలో ఊరుకున్నాను. మాట దాటలేదని మా అమ్మ మెచ్చుకుంటుంది గాని, ఎవరికి మేలు జరిగింది? పిన్ని మళ్ళీ కాలు కదపబోయింది. అది రాలేదు.

ఫోను కిందికి వంచి, పిన్ని పాదాల పక్కనున్న అంకె చూపించాను. “సెవెంటీ సార్” అన్నాను. అంతకన్నా ఇంగ్లీషు రాలేదు.

“చెడగొట్టీసేవు!” అన్నారు తాతగారు.

డాక్టరు తరవాత పిన్నినే అడిగారు, అక్కడ ఎండ ఎంత ఉందని. పిన్ని ఊపిరి తీసుకుంటూ నలభై నాలుగు అంది. ఆయన కళ్ళజోడు తీసేశారు. ఆ ఎండలో డెబ్భై అంటే తనకి చాలనీ, ఆగస్టు మొదటివారంలో వచ్చి పరీక్షలు చేయించుకోమనీ, వైద్యం ఇస్తారో లేదో అక్కడే తేలుతుందనీ చెప్పారు. ఇకమీద పేషెంటు రాసిన మెయిల్ మాత్రమే చూస్తామన్నారు. మొదటి ఉత్తరం అలా రాసి ఉండకపోతే ఏప్రిల్‌లోనే పిలిచి ఉండేవాళ్ళమని కూడా అన్నారు. ఈ మాటలన్నీ పిన్ని నిలబడే మాకు తెలుగులో చెప్పింది, ఒక్కొక్కటీ, తాతగారి వైపు చూస్తూ.

ఫోను పెట్టేశాక తాతగారు తేరుకున్నారు. “పోన్లే, ఒప్పుకున్నాడు. ఇప్పుడొక థాంక్స్ లెటరు గట్టిగా రాయాల.”

“మావయ్యగారూ, మీరు ఒక్క అక్షరం రాయొద్దు.”

“మంచికే కదమ్మా రాసేను!”

“మంచికే. ఏప్రిల్‌లో అయితే రెండు వందలు నడిచేదాన్ని.”

తాతగారు అంత చిన్నగా కనిపించడం నేనెప్పుడూ చూడలేదు. జాలి వేసింది, కోపం మాత్రం పోలేదు. రెండూ కలిసి ఉండడం ఇంకా విసుగ్గా ఉంది.

ఇంతలో అందరికీ ఒకేసారి తట్టింది, పిన్ని వచ్చిన దారి అంతా తిరిగి నడవాలి. ఆ సంగతి బాబాయి కొలతల్లో లేదు. ఛాయా దీదీ ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. పిన్ని పది మీటర్లు నడిచి కూర్చునేది. మళ్ళీ లేచేది. ఆవిడ లేవగానే తాతగారు ఆ కుర్చీ ఎత్తుకుని వెళ్ళి తరవాతి గీత దగ్గర వేసేవారు. ఎవరూ చెయ్యమనలేదు. జబ్బు ఏమిటని వీధివాళ్ళు అడిగితే పిన్ని దాని అసలు పేరే చెప్పింది.

నలభై దగ్గర కూర్చుని ఫోను ఇలా ఇయ్యమంది.

“ఇంట్లోకెళ్ళి రాసుకోవచ్చు కదా, ఎండ” అన్నారు బాబాయి.

“ఇంట్లోకెళ్తే మీరందరూ ఉంటారు.”

బొటనవేలితో మెల్లగా కొట్టింది. తాతగారు కుర్చీ వెనక నిలబడి మెడ సాచారు. “రిక్వెస్ట్ యువర్ గుడ్ సెల్ఫ్ అని పెట్టేవా అమ్మా?”

“లేదు.”

“మరేటి రాసేవు?”

ఆగస్టులో వస్తాను, ఇవాళ డెబ్భై మీటర్లు నడిచాను అని రాసింది పిన్ని. ఆయనకి చదివి వినిపించకుండానే పంపేసి, కర్ర పట్టుకుని లేచింది.