నోట్లో గుండుసూదులు

దర్జీ అత్త నోరు మూతపడగా ఆ వీధిలో చూసినవాళ్ళు లేరు. కొలతలు తీస్తూ మాట్లాడుతుంది, గుడ్డ కత్తిరిస్తూ మాట్లాడుతుంది, మిషను తొక్కుతూ దాని చప్పుడును మించి మాట్లాడుతుంది. ఆమె తమ్ముడి కూతురు, పదిహేడేళ్ళ పిల్ల, ఆమెకేమీ తీసిపోయేది కాదు. పెద్ద వసపిట్ట, చిన్న వసపిట్ట అని వాళ్ళకు పేర్లు పెట్టి, ఇద్దరూ ఒకచోట చేరితే చెవులు మూసుకుని బయటికి నడిచేవాడు ఆ తమ్ముడు.

ఎండాకాలం మొదట్లో చిన్న వసపిట్ట స్కూటరు మీంచి పడింది. తలకు గట్టి దెబ్బ. మెదడు మీద గడ్డకట్టిన రక్తం తీశారు. ప్రాణం దక్కింది, నడక వచ్చింది, మాట దగ్గరే చిక్కొచ్చింది. చెప్పాలనుకున్నదంతా లోపల ఉంది. ఒక్కో మాటనూ వెతికి బయటికి తెచ్చుకోవాలి. తల్లీ తండ్రీ ఉద్యోగాలకు వెళ్ళక తప్పదు కాబట్టి, పగలంతా పిల్ల అత్త కొట్లోనే, కత్తిరింపు బల్ల పక్కన స్టూలు మీద.

మాటలు నేర్పే డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది.

"మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు మీరు అందించకండి. అన్నీ మీరే చెప్పేస్తే తను వెతుక్కోవడం మానేస్తుంది. మానేసిందా, ఇక మా చేతుల్లో కూడా పెద్దగా ఏం ఉండదు."

"అయ్యో, నేనెందుకు అందిస్తానండీ? నేనసలే మితభాషిని..." అని మొదలుపెట్టి, డాక్టరమ్మ గడియారం చూసుకునేదాకా ఆపలేదు అత్త.

ఇంటికొచ్చాక తెలిసింది కష్టం. పిల్ల "నాకు..." అని, కళ్ళు పైకెత్తి పెదవులు కదుపుతుంటే అత్త ఆగలేకపోయేది. "నీళ్ళా? ఫ్యాను వెయ్యనా? పడుకుంటావా?" అంటూ వరస కట్టేది. పిల్ల అలిసిపోయి ఏదో ఒకదానికి తలూపేది. అత్త పరుగున నీళ్ళు తెచ్చేది, పిల్ల తాగేది. ఈమధ్య ఆ "నాకు" అనడం కూడా తగ్గిపోయింది. తన నోరే పిల్ల నోరు కట్టేస్తోందని అత్తకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆగుతుందా ఆ నోరు?

ఒక మధ్యాహ్నం పోస్టుమాను కొత్త యూనిఫాం ప్యాంటు పొడవు సరిచేయించుకోవడానికి వచ్చాడు. గుండుసూదులు గుచ్చే మెత్త పిల్ల ఒళ్ళో ఉంది. కుడిచేతి వేళ్ళకు పట్టు రావాలని, రోజూ దాంట్లో సూదులు గుచ్చి తీయడం ఆమె వ్యాయామం. దాన్నెందుకు లాక్కోవడం అని అత్త పదీ పన్నెండు సూదులు పెదాల మధ్య బిగించుకుని, నేల మీద కూర్చుని ప్యాంటు అంచు మడవసాగింది.

పోస్టుమాను అద్దంలో చూసుకున్నాడు. "ఏమ్మా, సరిపోయిందా?" అని పిల్లను అడిగాడు.

"అది..." అని పిల్ల ఆగిపోయింది.

ఇంకెప్పుడైనా అయితే 'బ్రహ్మాండంగా ఉందంటోంది' అని అత్త అనేసేదే. నోటి నిండా సూదులు! కనీసం ఊఁ అనడానికి లేదు. పోస్టుమానుకా, తొందరేం లేదు. ముసలివాళ్ళు లేచొచ్చి తలుపు తీసేదాకా గుమ్మాల్లో నిలబడడం అలవాటైన మనిషి.

"అది... ఎడమ... ఎడమకాలు... పొట్టి."

అత్త వంగి చూసింది. నిజంగానే పొట్టి.

"మీ అత్త కంటికన్నా నీ కన్నే నయం తల్లీ," అన్నాడు పోస్టుమాను. పిల్ల నవ్వింది. అత్త కిక్కురుమనకుండా అంచు విప్పి మళ్ళీ మడిచింది. ఆనందంతో ఆమె కళ్ళు చెమర్చాయి.

అతను వెళ్ళిపోయాక మడవాల్సిన అంచు ఒక్కటీ లేదు. అయినా అత్త నోట్లో మిగిలిన నాలుగు సూదులూ తీయలేదు. అలాగే ఇంకో స్టూలు జరుపుకుని పిల్ల ఎదురుగా కూర్చుంది.

పిల్ల ఆమెను వింతగా చూసింది. చాలాసేపు చూసింది.

"నాకు..." అంది.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నీళ్ళూ ఫ్యానూ పడకా అన్నీ అత్త నాలుక చివరికి వచ్చి, సూదుల దగ్గర ఆగిపోయాయి.

"నాకు... భయం. భయమేస్తోంది. ఇలాగే... ఉండిపోతానేమోనని."

ఇన్నాళ్ళూ ఈ మాటకా తను గ్లాసులకు గ్లాసులు నీళ్ళు పట్టించింది! అత్తకు దుఃఖం పొర్లుకొచ్చింది. సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నాకూ భయమేనే తల్లీ. రోజూ భయమే. కానీ నువ్వేం బెంగపెట్టుకోకు, డాక్టరమ్మ ఏమందంటే, ఇలాంటివి మెల్లమెల్లగా..."

పిల్ల చెయ్యి విడిపించుకుంది. బల్ల మీది సూదుల్ని కుడిచేతి వేళ్ళతో ఒక్కొక్కటిగా ఏరి, నాలుగూ అత్త అరచేతిలో పెట్టింది.

"పెట్టుకో... అత్తా," అంది. "ఇంకా... ఉంది."