పదిన్నర దాకా

శనివారం ఎనిమిదింటికే పద్మనాభయ్య బండి పెన్న ఒడ్డున ఆగింది. బండి మీద మూడు విండ్‌సర్ఫింగ్ బోర్డులు, లోపల ఆయన మేనకోడలు సుప్రియ, ఆమె స్నేహితులు కిషోర్, వాణి. ఆ రోజు బోర్డు మీద నిలబడి, తెరచాప పట్టుకుని అవతలి గట్టు తాకి తిరిగొచ్చినవాళ్ళను కోచ్ అబ్రహాము రాష్ట్ర శిబిరానికి పంపుతాడు. సుప్రియ రెండేళ్ళుగా దీనికోసమే ఈ ఏటి నీళ్ళు మింగుతోంది. మేనమామ తోడుంటేనే పొమ్మన్నాడు నాన్న. అందుకని ఆయన మాట దాటే వీల్లేదు.

ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో గాలిది ఒక పద్ధతంటూ లేదు. ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. తెరచాపలు బిగించి, టిఫిన్లు ముగించేసరికి తొమ్మిదైంది. అప్పుడే పడమటి గాలి నిలకడగా అందుకుంది.

సుప్రియ బోర్డు ఎత్తుకుంది. పద్మనాభయ్య వాచీ చూసుకున్నాడు.

"రాహుకాలం వచ్చినాది అమ్మే. పదిన్నర దాకా నీళ్ళలో కాలు పెట్టబాక."

"గాలి పోతాది మామా."

"యాడికి పోతాది? ఏరు యాడికి పోతాది? కూర్చో."

కిషోర్‌కు అలాంటి పట్టింపుల్లేవు. రెండుసార్లు తడబడినా వెళ్ళొచ్చాడు. వాణీ వెళ్ళొచ్చింది. వాళ్ళకు తెరచాప తిప్పడం నేర్పింది సుప్రియే. ఇప్పుడు ఒడ్డున కూర్చుని ఇసుక పిడికిట్లోకి తీసుకుని వదులుతోంది. అబ్రహాము వచ్చి ఒకమాట అడిగి చూశాడు. పద్మనాభయ్య ఆయనకు ఫ్లాస్కులో కాఫీ పోసి, పిల్ల మంచికే చెబుతున్నానని నచ్చజెప్పాడు.

పదిన్నరకు ఆయనే లేచి దణ్ణం పెట్టుకుని, ఇక పొమ్మన్నాడు. సుప్రియ బోర్డెక్కి తెరచాప లేపింది. ఏరు మధ్యదాకా లాక్కెళ్ళి గాలి చచ్చిపోయింది. తెరచాప తడిసిన దుప్పటిలా వేలాడింది. అటు వంచింది, ఇటు వంచింది. ఉన్నట్టుండి ఎదురుగాలి ఒకటి లేచి ఆమెను నీళ్ళలోకి తోసి, మళ్ళీ పడుకుంది. పక్కనే వలలు వేస్తున్న జాలరి మాల్యాద్రి జాలిపడి పడవకు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చాడు.

అబ్రహాము మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాడు. తర్వాత కావలిలో ఇంకో జట్టు ఎదురుచూస్తోందని, వచ్చే ఏడు చూద్దామని చెప్పి వెళ్ళిపోయాడు. కిషోర్, వాణి ఆమె మొహం చూడలేక నీళ్ళ సీసాలు ఏరుకుంటున్నారు.

బోర్డులు బండి మీద కడుతుంటే పద్మనాభయ్య ఏదో ఆలోచిస్తూ నిలబడ్డాడు.

"తొమ్మిదికి ముందే నీ బోర్డును నీళ్ళలో పెట్టి తీసుంటే సరిపోయుండేది గదమ్మే. ఊరికి పోయేటప్పుడు ముందే సంచి తీసకపోయి పక్కింట్లో పెడతాం జూడు, అట్టా. మొదలైన పనికి రాహుకాలం అడ్డం రాదు. నాకు తట్టలేదు."

సుప్రియ ఆయన వైపు చూసింది. కడుతున్న తాడు విప్పి తన బోర్డు దించింది. సముద్రం వైపు నుంచి అప్పుడప్పుడే గాలి లేస్తోంది.

"కోచ్ పోయినాడు గదా, ఇంకెవురు చూడాల?" అన్నాడు పద్మనాభయ్య.

"నువ్వు చూడు మామా," అని ఆమె నీళ్ళలోకి నడిచింది.