మూడో సీటు

కాల్చిన మిరపకాయలకు తొక్క తీస్తూనే ఇటలీ రైలు పాసులు ఎంచుకున్నాను. సెప్టెంబరు వస్తే మా ఊరు ప్లోవ్‌దివ్‌లో ఏ వంటింటికీ ఆ పని తప్పదు. చలికాలానికి సరిపడా పచ్చడి కోడలి చేతుల మీదుగానే సీసాల్లోకి చేరాలి. మసి వేళ్లతో ఫోను తాకలేక, మోచేత్తో తెర జరుపుతూ చదివాను: వరుస రోజుల పాసా, విడి రోజులదా, ఏ వేగపు బండికి సీటు ముందుగా పట్టుకోవాలి, ఏ ప్యాసింజర్‌లో పాసు చూపిస్తే చాలు.

మా ఆయన జహారికి మిలాన్‌లో ఫుట్‌బాల్ మైదానం చూడాలి. అత్తయ్యకు మెట్లు లేని బస కావాలి. నాకు రవెన్నా కావాలి. విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి చీకటి గదిలో తెర మీద చూపిస్తూ పాఠం చెప్పిన ఆ పాత సమాధి మందిరపు నీలి కప్పు కింద, రంగురాళ్ల ముక్కలతో పొదిగిన ఆ బంగారు చుక్కల కింద, ఒక్కసారి మెడ వెనక్కి వాల్చి నిలబడాలి. బొలోన్యా నుంచి ప్యాసింజర్ ఉంది. ఆ ఒక్క రోజు కోసమే విడి రోజుల పాసు ఎంచుకున్నాను.

"మళ్లీ చర్చిలేనా? ఆ రాళ్లముక్కలు నీ పుస్తకాల్లో లేవూ?" అన్నాడు జహారి.

"మా కోడలికి సెలవుల్లో కూడా సమాధులే కావాలి," అని అత్తయ్య నవ్వింది. "మైదానం రెండు రోజులు చూడరా నాన్నా, తీరిగ్గా."

నేను తల పైకెగరేశాను. మా బల్గేరియాలో అలా ఎగరేస్తే కాదని, అడ్డంగా ఆడిస్తే ఔనని. ఇద్దరూ టీవీ చూస్తున్నారు. మా ఇంట్లో నా 'కాదు' ఎప్పుడూ ఒక తల కదలికే. ఎవరైనా నావైపు చూస్తేనే అది పలికినట్టు. రవెన్నా రోజు మిలాన్‌లో కలిసిపోయింది.

ఇటలీ చేరాక, వెనిస్‌లో టికెట్ల ఉద్యోగి "కిటికీ పక్కనా?" అని అడిగితే అలవాటు కొద్దీ తల అడ్డంగా ఆడించాను. వద్దన్నాననుకుని నడవా పక్క సీట్లు ఇచ్చాడు.

"ఊరందరికీ చదువు చెప్తావు, తల ఊపడం చేతకాదా నీకు?" అన్నాడు జహారి. బొలోన్యా దాకా అత్తయ్య ఆ మాట తలుచుకుని నవ్వుతూనే ఉంది. పరాయి దేశపు తిండి ఆమెకు పడదని తెచ్చిన పచ్చడి సీసాల సంచి నా ఒళ్లోనే ఉంది. పంట పొలాలు ఎవరి భుజం మీదుగానో కనబడి పోతున్నాయి.

బొలోన్యాలో వాళ్లిద్దరూ కాఫీ ముందు కూర్చున్నారు. మిలాన్ బండికి సీట్లు పట్టడానికి నన్ను పంపారు. వరుసల్లో నిలబడడం ఎప్పుడూ నా వంతే. అద్దం వెనకాల ఉన్నావిడ పాసులు అందుకుని, కళ్లజోడు పైకి తోసి, నా ముఖంలోకి చూసింది.

"ముగ్గురికేనా?"

నా ప్రమేయం లేకుండానే తల పైకెగిరింది. ఆమె ఔననుకుంది, వేళ్లు మీటల మీదికి పోయాయి.

"కాదు," అన్నాను. ఆ గొంతు నాదేనని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. "ఇద్దరికే."

తిరిగొచ్చి వాళ్ల కాఫీ బల్ల మీద చీటీలు పెట్టాను.

"రెండే ఉన్నాయేమిటే కోడలా?"

"ప్యాసింజర్‌కి సీటు పట్టుకోనక్కర్లేదు అత్తయ్యా. నేను రవెన్నా పోతున్నాను." పచ్చడి సంచి ఆమె కాళ్ల దగ్గర దించాను. మూడు పాసుల్లోంచి నాది తీసుకున్నాను.

జహారి ఫోనులోంచి కళ్లెత్తలేదు. "సరేలే, చూసుకో నీ రాళ్లు. రాత్రికి మిలాన్ వచ్చేస్తావుగా?"

తల పైకెగరేశాను. ఆ సైగ తెలియని టికెట్ల ఆవిడ నన్ను చూసి పొరబడింది. తెలిసినవాడు చూడనే లేదు. ఈసారి దాన్ని మాటల్లో పెట్టకుండానే ప్లాట్‌ఫారం వైపు నడిచాను.