అరువు సోఫా మీద విచారణ

మా అత్తయ్య ఎవరి దగ్గర డబ్బు అడగడానికి వెళ్లినా, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకునే వెళ్లేది. లేనివాడికి ఎవడూ చిల్లిగవ్వ ఇవ్వడు, ఉన్నవాడికైతే పిలిచి మరీ ఇస్తాడన్నది ఆవిడ అర్థశాస్త్రం. నేను డిగ్రీలో చదివిన అర్థశాస్త్రం కూడా చివరికి ఇంచుమించు అదే చెప్పింది కాబట్టి నేనెప్పుడూ వాదించలేదు. వాదించాల్సింది.

మా అమ్మాయికి పశువైద్య కళాశాలలో సీటొచ్చింది. దాన్ని వాడంతా పిచ్చుక అంటారు. సీటు తెచ్చుకోవడం పిచ్చుక వంతు, ఫీజు కట్టడం మా వంతు. మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. అందరూ ఫోన్లో టైం చూసుకునే రోజులివి. ఆయన కొట్లో గడియారాలన్నీ నడుస్తాయి, కొట్టు తప్ప.

రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు సంగతి నేనే చదివి ఇంట్లో చెప్పాను. ఈ రాష్ట్రంలో కాపురముంటూ, ఈ రాష్ట్రంలోనే కాలేజీలో చేరే పిల్లలకు, ఇంటి ఆదాయం చాలకపోతే ఇస్తారు. మార్కులకు ఇచ్చే బహుమతి కాదు. అప్పూ కాదు. డబ్బు మన చేతికి రాదు, నేరుగా కాలేజీకి పోతుంది. ఏటా మళ్లీ అడగాలి. అత్తయ్య అంతా శ్రద్ధగా విని, తిరిగి కట్టక్కర్లేదా అని రెండుసార్లు అడిగి, అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి అంది. దేనికి జాగ్రత్త అని నేను అడగలేదు. అదీ అడగాల్సింది.

చిక్కు ఒక్కటే వచ్చింది. పిచ్చుక చివరి రెండేళ్లూ సరిహద్దు అవతల మా ఆడపడుచు ఇంట్లో ఉండి చదువుకుంది. అందుకని అసలు ఈ పిల్ల ఏ రాష్ట్రానిదని ఆఫీసువాళ్లకు అనుమానం. ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి రెండు సంగతులు తేల్చుకుంటారన్నారు: మా కాపురం నిజంగా ఇక్కడేనా, మాకు నిజంగా లేదా అని. ఆయన కాదని రాస్తే, వారం తిరిగేలోగా సీటు వరసలో వెనకున్న వాళ్లకు పోతుంది.

ఆయన వచ్చే రోజు టీపొడి కోసం బజారుకు వెళ్లాను. తిరిగొచ్చి గుమ్మంలో అడుగుపెట్టి, పొరపాటున వేరే ఇంట్లోకి వచ్చాననుకుని వెనక్కి తిరిగాను. లోపలినుంచి అత్తయ్య గొంతు వినబడబట్టి ఆగాను.

మా ముందుగదిలో కింది వాటా ఓనరమ్మ గారి సోఫా ఉంది. నేలమీద ఎదురింటి పళ్లడాక్టరు గారి తివాచీ ఉంది. గోడవార పైవాటా టీచరమ్మ గారి టీవీ ఉంది. సోఫాలో ఒక పక్క మంచి చీరలో అత్తయ్య, రెండో పక్క సోఫా చేతిమీద బంగారు అంచు టీకప్పు పెట్టుకుని ఇన్‌స్పెక్టరు. కప్పు ఎవరిదో, అందులో టీ ఎవరింట్లో కాచిందో నాకిప్పటికీ తెలియదు. పిచ్చుక ఇంజక్షన్ సూదిని చూసిన దూడలా మూల నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టరు నాలుగు వైపులా చూసి, కలం మూతపెట్టి, ఇల్లు చాలా బాగుందన్నారు.

"ఏదో బాబూ, మీ దయవల్ల మాకు లోటేమీ లేదు" అంది అత్తయ్య.

సీటు మునిగిపోవడానికి ఆ ఒక్క మాట చాలు. నిజం చెబితే ముక్కూమొహం తెలియని మనిషి ముందు ముసలావిడ పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల చదువు పోతుంది. పంచదార అయిపోయింది, ఇప్పుడే తెస్తానని చెప్పి బయటపడ్డాను.

నేను ఎవరికీ ఒక్క అబద్ధం చెప్పలేదు. ఓనరమ్మ గారితో, మా ఇంటికొచ్చినాయన నిండు టీకప్పు సోఫా చేతిమీద పెట్టుకున్నారని అన్నాను. పళ్లడాక్టరు గారి తల్లితో, బయట బురదగా ఉంది కదండీ, ఆయన బూట్లు విప్పినట్టు లేరని అన్నాను. టీచరమ్మ గారిని, మీ సీరియల్ టైమెప్పుడని అడిగానంతే. తర్వాత ఓనరమ్మ గారి దగ్గరే గుప్పెడు పంచదార అడిగి తీసుకుని, తాపీగా మెట్లెక్కాను.

నాకంటే ముందే ఓనరమ్మ గారు, ఆవిడ వెనక ఇద్దరు కొడుకులు పైకి చేరారు.

"పిన్నిగారూ, కాస్త లేవండి. సోఫా కిందికి తీసుకెళ్లాలి."

అత్తయ్య లేచింది. ఇన్‌స్పెక్టరు కప్పుతో సహా లేచారు. ఆయన ఒక కాలెత్తితే తివాచీ సగం, రెండోకాలెత్తితే మిగతా సగం వెళ్లిపోయాయి. టీవీకి వచ్చిన టీచరమ్మ గారు మాత్రం ఆయన్ని ఎగాదిగా చూసి, మీరెవరని అడిగారు. ఆయన చెప్పి, వీళ్లు నిజంగా ఇక్కడే ఉంటారా అన్నారు.

"ఇక్కడ కాక ఎక్కడుంటారు? ఈ పిచ్చుకకి అక్షరాలు దిద్దించిందే నేను. మేనత్త దగ్గర చదివిన రెండేళ్లూ ప్రతి సెలవుకీ వచ్చి నా పిల్లి కాలికి కట్టు కట్టేది. పిల్లికి దెబ్బ తగిలింది ఒక్కసారే. కట్టు మాత్రం రెండేళ్లూ కట్టింది."

సోఫా వెంట సగం మెట్లు దిగిన ఓనరమ్మ గారు వెనక్కొచ్చారు. "ఏళ్ల తరబడి అద్దె కోసం నేను ఎక్కి దిగే మెట్లు ఇవే బాబూ. ఎక్కిన ప్రతిసారీ వచ్చే నెల అంటారు."

కాపురానికీ లేమికీ కలిపి ఒకే మాటలో అంత మంచి సాక్ష్యం వెతికినా దొరకదు. ఆవిడ మీద నాకున్న పాత కోపాలన్నీ ఆ క్షణంలోనే కొట్టేశాను.

గదిలో మా రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అందులో ఒకటి కుంటిది, మడత మంచం మిగిలాయి. గోడమీద ఒక్కొక్కటి ఒక్కో టైం చూపించే గడియారాలు మిగిలాయి. ఇన్‌స్పెక్టరు కుంటికుర్చీలోనే కూర్చున్నారు. గడియారాలవైపు చూసి, ఇవి ఎవరొచ్చి తీసుకెళ్తారని అడిగారు.

అత్తయ్య కొంగు సర్దుకుంది.

"అవీ మావి కావు బాబూ. బాగుచెయ్యమని ఇచ్చి, మళ్లీ రానివాళ్లవి. వస్తారేమోనని మావాడు రోజూ కీ ఇస్తుంటాడు."

ఆయన కలం మూత తీశారు. "పెద్దమ్మగారూ, నేను వెళ్లిన ఇళ్లలో ఉన్నవి దాచేవాళ్లే అందరూ. లేనివి తెచ్చి పెట్టినవాళ్లని ఇదే చూడటం."

"అప్పడిగితే ఉన్నట్టు కనబడాలి కదా నాయనా."

"ఇది అప్పు కాదండీ."

"మా కోడలూ అదే చెప్పింది" అని అత్తయ్య నావైపు తిరిగింది. "సరిగ్గా చెప్పలేదు."

ఇన్‌స్పెక్టరు నవ్వుతూనే రాసుకున్నారు. టీచరమ్మ గారి చేతా ఓనరమ్మ గారి చేతా సంతకాలు పెట్టించుకుని వెళ్లారు. ఆయన కిటికీలో పెట్టిన బంగారు అంచు కప్పు అక్కడే ఉండిపోయింది. దానికోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

వారం తిరక్కముందే గ్రాంటు ఖాయమైందని కబురొచ్చింది. పిచ్చుక కాలేజీలో చేరింది. మా ఆయన ఆ రోజు గోడమీది గడియారాలన్నింటికీ ఒకే టైం పెట్టారు. అవి సాయంత్రానికల్లా మళ్లీ ఎవరి దారిన అవి పోయాయి.

మర్నాడు చూస్తే అత్తయ్య ప్లాస్టిక్ కుర్చీని చంకన పెట్టుకుని మెట్లు దిగుతోంది. ఎక్కడికని అడిగాను.

"ఏటా వస్తారన్నావుగా. ఇవి ఓనరమ్మ ఇంట్లో దాచి వస్తా."